పెద్ద మడిలో చుట్టుతీగ

బెక్స్‌హిల్
11 ఏప్రిల్ 1961

ఏవిస్‌కి,

నువ్వు అల్లి పంపిన దుప్పటి అందింది. ఇక్కడి నర్సులు దాన్ని ఆకుపచ్చ అంటున్నారు. నా కళ్ళు ఎంత పోయినా అది ఆకుపచ్చ కాదని నాకు తెలుసు. ఈ హోముకి ఒక ముసలి కుక్క ఉంది, దానికి పరిచాను.

డాక్టరు ఎడమకన్ను మీద ఆశ వదులుకున్నాడు. కుడికన్ను ఈ వేసవి దాకా నడిస్తే గొప్ప అంటున్నాడు. అందుకని నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో రాయి. భూతద్దం పెట్టుకుని చదువుకుంటాను. సోది రాయకు. ఒక్కో అక్షరానికీ నాకు కన్ను ఖర్చవుతోంది.

ఇక పని సంగతి. జనవరిలో మీ పాదిరీ గారు పోయారు, కొత్తాయన వచ్చి నీకు గుమ్మం చూపించాడు. ఇరవయ్యారేళ్ళు ఒకాయనకి గుడ్లు ఉడకబెట్టి, మేజోళ్ళు కుట్టి, చివరికి ఒక పెట్టెతో రోడ్డు మీద నిలబడ్డావు. నేను నా ఇంటి తలుపు తీశాను. కృతజ్ఞత చూపిస్తావని ఈ మాట అనడం లేదు, తోట చూస్తావని అంటున్నాను.

ఆ ఇంటి వెనక గోడ నుంచి రైలుకట్ట కంచె దాకా ఉన్న నా పెద్ద పూలమడిని చూడ్డానికి ఇరవయ్యొక్కేళ్ళుగా ప్రతి జులైలో ఒక ఆదివారం ఊళ్ళకి ఊళ్ళు వస్తాయి. టిక్కెట్టు సొమ్ము నర్సుల నిధికి, కేకులు చర్చి ఆడవాళ్ళవి, పేరు నాది. మా ఆయన హెరాల్డ్ చనిపోయిన ఏడు కూడా ఆపలేదు. శుక్రవారం ఆయన్ని పూడ్చాం, ఆదివారం తోట తెరిచాం. ఈ ఏడు తొమ్మిదో తారీకు. నువ్వు ఆ మడిని ఆ రోజు దాకా నిలబెట్టు. నా చెవిన ఒక్క చెడ్డమాట పడకపోతే వెనకవైపు గది నువ్వు బతికినంత కాలం నీది. పడితే ఎవరి దారి వాళ్ళది.

గోడ పక్కన నిలువెత్తు నీలం కంకుల డెల్ఫినియంలు, వాటి భుజాన తెల్ల ఫ్లాక్స్ గుత్తులు, కాళ్ళ దగ్గర లేత గులాబీ రంగులు, అంచున లావెండర్. ఎక్కడ ఉన్నవి అక్కడే ఉండాలి. నారింజ రంగు నా కంచె దాటి లోపలికి రాకూడదు. అది బస్సు కండక్టర్లకి నచ్చే రంగు. పక్కింటి టోజర్ ఏదిచ్చినా థాంక్స్ చెప్పి ఎరువుగుంటలో పడెయ్యి.

రైలుకట్ట వైపు నుంచి చుట్టుతీగ కంచె కిందుగా దూరి వస్తుంది. నలభై ఏళ్ళుగా మోకాళ్ళ మీద కూచుని, ఒక్కసారీ పువ్వు తొడగనివ్వకుండా దాన్ని ఏరుతున్నాను. గోరంత వేరు మిగిలినా మళ్ళీ లేచి, పట్టుకున్నదాన్నల్లా చుట్టి చంపుతుంది. ఈ ఒక్క పనీ నీకు నేర్పక్కర్లేదు. అమ్మ నిన్ను పెట్టిందే దానికి.

ఈనిడ్


ఆష్‌కోంబ్
23 ఏప్రిల్ 1961

అక్కా,

దుప్పటి కుక్కకైనా వెచ్చగా ఉంటే నేను అల్లినందుకు ఫలితం దక్కినట్టే. అక్షరాలు ఈ సైజు సరిపోతాయా? ఇంకా పెద్దవి కావాలంటే కాగితానికి రెండు మాటలే పడతాయి. నీకు అదే నయమేమో.

మడిలో అన్నీ లేచాయి. పేర్లు నాకు రావు. నువ్వు పాతిన రేకు బిళ్ళలు చూసి బళ్ళో పిల్లలా బట్టీ పడుతున్నాను. నత్తల కోసం పొద్దున్నే దీపం పట్టుకుని తిరుగుతుంటే టోజర్ కంచె మీంచి చూసి, "ఏమ్మా ఏవిస్, మీ అక్క లేని లోటు బాగా తెలుస్తోంది. అరుపులు ఆగిపోయి పిట్టలు మళ్ళీ వస్తున్నాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నీకు రాదని తెలుసు, అయినా రాశాను. ఆయన కుండీల్లో నారింజ లిల్లీలు పెంచుతున్నాడు, నాలుగు ఇస్తానన్నాడు. వద్దన్నాను.

చుట్టుతీగ కంచె కింద అప్పుడే మూడు చోట్ల తల ఎత్తింది. పీకేశాను. నీకు గుర్తుందా? అమ్మ నీకు గేటు పక్క మడి ఇచ్చి, నాకు రేకు డబ్బా ఇచ్చింది. డబ్బా నిండా ఆ వేళ్ళు ఏరితేనే భోజనం. నువ్వు పూసిన పువ్వులు ఊరంతా చూసేవాళ్ళు, నా డబ్బాలోకి అమ్మ ఒక్కర్తే తొంగిచూసేది. పువ్వుల పేర్లు రాకపోయినా ఆ వేరుని కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను. సేమ్యాలా తెల్లగా ఉండి పుటుక్కున విరుగుతుంది.

వెనక గదిలోకి పొద్దుటి ఎండ మంచం దాకా వస్తుంది. పాదిరీ గారి గడియారం అక్కడ పెట్టుకున్నాను. గోడలకి కొత్త కాగితం అంటిద్దామని ఉంది. చిన్న చిన్న నీలం పువ్వులున్నది దుకాణంలో చూశాను. అరవై ఏళ్ళకి నాకంటూ ఒక గది, అక్కా. పొద్దున్న లేవగానే నాలుగు గోడల్నీ ఒకసారి చూసుకుంటున్నాను.

నీ మాట మీద నిలబడి ఉన్న
ఏవిస్


బెక్స్‌హిల్
4 మే 1961

ఏవిస్‌కి,

గోడల జోలికి పోకు. ఆ గది ఉన్నది ఉన్నట్టు ఉండనీ. నీలం పువ్వులు కావాలంటే బయటికెళ్ళి మడి చూడు.

టోజర్ మాటలు నాకు రాయకు. ఆ మనిషి డేలియాలకి స్నానం చేయించి తను చేయడు.

గసగసాల మొక్కల సంగతి చెప్పాలి. అవి జూన్ మొదట్లో రాణుల్లా వెలుగుతాయి. నెలాఖరుకి ఆకులతో సహా పడి చస్తాయి. మడి నడిమధ్యన బండి పట్టేంత బొక్క పడుతుంది. అందుకే వాటి ముందు జిప్సోఫిలా నాటాను. గసగసాలు పడిపోగానే జిప్సోఫిలా కొమ్మల్ని వాటి మీదికి లాగి, పుల్లలతో బిగించి పరిచెయ్యి. తెల్లటి చిన్న పువ్వుల పొగలాగా అంతా కప్పేస్తుంది. చచ్చినదాని చోటు చూసేవాడి కంట పడకూడదు. మొక్కల్ని జత చేయడమంటే ఇదే. మిగతాదంతా పుస్తకాలవాళ్ళు చెప్పే సొల్లు.

నీకు బోధపడాలని ఇంకో మాట చెబుతాను. నువ్వు జిప్సోఫిలావి. అమ్మ మంచాన పడితే అమ్మ వంటగదిలో నిన్ను పరిచాం. పాదిరీ గారి భార్య పోతే ఆమె చోట పరిచారు. నాకు కళ్ళు పోతుంటే ఇప్పుడు నా చోట. నీ అంతట నువ్వు పూయడం మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. బాధపడకు, అదీ ఒక ఉపయోగమే.

డెల్ఫినియంలకి కట్టెలు ఇప్పుడే పాతు. మొక్క మోకాలెత్తు ఉండగా కట్టాలి. నడుమెత్తు వచ్చాక కడితే ఉరేసినట్టు ఉంటాయి.

ఈనిడ్


ఆష్‌కోంబ్
12 జూన్ 1961

అక్కా,

పోయిన ఉత్తరం చదివాక రెండు రోజులు మడిలోకి వెళ్ళలేదు. మూడో రోజు నత్తలు తినేస్తాయని వెళ్ళాను.

మడి ఎలా ఉందో నువ్వు అడక్కపోయినా రాస్తాను. గోడ పక్కన డెల్ఫినియంలు నా తల దాటాయి. కిందివి విచ్చాయి, పైవి ఇంకా మొగ్గలే. నీలం ఒకటే నీలం కాదు. దగ్గరికెళ్తే కొన్నిటి గుండెలో నల్లటి తేనెటీగలాంటి చుక్క ఉంది. సాయంత్రం ఎండ పడమటి కంచె దిగాక మిగతా రంగులన్నీ చల్లబడతాయి గాని ఆ నీలం ఇంకా రాజుకుంటుంది. లేత గులాబీ గసగసాలు ఇప్పుడు నిండుగా ఉన్నాయి, ఒక్కోటీ కాఫీ సాసరంత. పక్కన తెల్ల గులాబీ తీగ వాటి మీదికి వంగుతోంది. వాన పడితే రేకులు రాలి కింద లావెండర్ మీద ఆరేసినట్టు పడి ఉంటున్నాయి. నేను ఏరలేదు. ఏరాలా?

జిప్సోఫిలా బాగానే ఉంది.

పాలబ్బాయి కూడా గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. చర్చి ఆడవాళ్ళు కేకుల కోసం ఇప్పటినుంచే వాదించుకుంటున్నారు. మిసెస్ గాడ్‌బీ నిమ్మకాయ కేకు తనదే అంటుంది, ఆవిడ కోడలు తనదే అంటుంది. ఇద్దర్నీ చేసి తెమ్మన్నాను.

గది తలుపుకి నూనె రాశాను. కిర్రుమనడం లేదు.

ఏవిస్


బెక్స్‌హిల్
20 జూన్ 1961

ఏవిస్‌కి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రేకులు ఏరకు. అలాగే ఉండనీ.

ఆ తేనెటీగ చుక్క సంగతి నాకు తెలియనిది కాదు. అయినా నువ్వు రాశాక కళ్ళు మూసుకుంటే కనబడింది. ఇక్కడ కిటికీ అవతల సముద్రం ఉందంటారు. నాకు మాత్రం పాత దుప్పటి ఆరేసినట్టు బూడిదరంగు ఒకటే. తెల్లటివి మాత్రం ఇంకా పట్టుబడుతున్నాయి. పొద్దు వాలాక నర్సు టోపీ కనిపిస్తుంది, నర్సు కనబడదు.

తొమ్మిదో తారీకు పొద్దున్న పదింటికే, అందరికంటే ముందు, లెథ్‌బ్రిడ్జ్ అనే దంపతులు వస్తారు. నాకు కావలసినవాళ్ళు. మడి ఒక్కటే కాదు, ఇల్లంతా చూపించు. అటక, బొగ్గుగది, కాలువ, వెనక గది, అడిగిందల్లా చూపించు. టీ ఇవ్వు. నిమ్మకాయ కేకు మిసెస్ గాడ్‌బీది పెట్టు, కోడలిది పెట్టకు. ఎందుకు ఏమిటని వాళ్ళనీ అడక్కు, నన్నూ అడక్కు.

ఈనిడ్


ఆష్‌కోంబ్
10 జులై 1961

అక్కా, అక్కా,

నాలుగు వందల పదిహేడు మంది! గేటు దగ్గర టిక్కెట్లు అయిపోతే పాదిరీ గారి పాత ప్రార్థన కాగితాలు చింపి ఇచ్చాం. నిన్న పొద్దున్న చినుకు పడి ఆగింది, ఆకులన్నీ కడిగినట్టు ఉన్నాయి. డెల్ఫినియంలు మొదటినుంచి చివరిదాకా విచ్చాయి. తెల్ల ఫ్లాక్స్ సరిగ్గా నిన్ననే మొదలెట్టింది, నీ ఉత్తరం చదివినట్టు. ముసలాయన ఒకడు మడి ముందు కుర్చీ వేయించుకుని కూచుని మూడు గంటలు లేవలేదు.

ఇప్పుడు నీకో సంగతి చెప్పాలి. కోప్పడు, కాని చివరిదాకా చదివి కోప్పడు.

జూన్ పన్నెండున జిప్సోఫిలా బాగుందని రాశాను. అబద్ధం. అప్పటికే నత్తలు దాన్ని మొదలంటా తినేశాయి. ఇరవయ్యెనిమిదో తారీకుకి గసగసాలు పడిపోయాయి. నువ్వు చెప్పిన బండి పట్టేంత బొక్క పడింది. దాని ముందు నిలబడి ఏడ్చాను. ఒక్క చెడ్డమాట చాలన్నావు కదా. టోజర్ కంచె మీంచి చూసి, "ఏడిస్తే మొలవవమ్మా, జరుగు" అని చక్రాల బండి తోసుకొచ్చి పన్నెండు కుండీల నారింజ లిల్లీలు దింపాడు. నేను వద్దు వద్దంటూనే గోతులు తవ్వాను. కుండీలతో సహా పాతేశాం.

అక్కా, ఆ నారింజ వెనక నీ నీలం ఎలా లేచిందో నీకు చెప్పలేను. పక్కన తెలుపు ఉన్నప్పుడు అది అందంగా ఉండేది. నారింజ పక్కన పెట్టాక అది మాట్లాడింది. మనుషులు నడుస్తూ నడుస్తూ అక్కడికొచ్చి ఆగిపోయారు. "ఎవరికి తట్టింది ఇది?" అని అడిగితే నేను, దేవుడు నన్ను క్షమించాలి, "నాకే" అన్నాను.

లెథ్‌బ్రిడ్జ్ వాళ్ళు పదింటికే వచ్చారు. నర్సుల నిధి కమిటీవాళ్ళనుకుంటాను. చాలా శ్రద్ధగా చూశారు. ఆయన గోడలు తట్టి చూశాడు, కాలువ మూత ఎత్తించాడు, అటకెక్కి దూలాలు గోరుతో గీకాడు. ఇద్దరు మగపిల్లలు గడ్డి మీద బంతి ఆడారు. ఆవిడ వెనక గదిలోకొచ్చి, "ఎండ ఎంత బాగా వస్తుందో, ఇక్కడ పిల్లల మంచాలు రెండు పడతాయి" అంది. పాపం, ఊరికే మాటవరసకి. వెళ్ళేటప్పుడు నా చేతులు పట్టుకుని, "ఈ మడి చూశాక ఇక రెండో మాట లేదండీ" అంది. నీ కమిటీ తృప్తిపడింది, అక్కా.

నీలం పువ్వుల కాగితం దుకాణంలో ఇంకా ఉంది. ఇప్పుడు అంటించుకోనా?

నీ జిప్సోఫిలా
ఏవిస్


బెక్స్‌హిల్
17 జులై 1961

ఏవిస్‌కి,

అంటించకు. ఆ గోడలు లెథ్‌బ్రిడ్జ్ వాళ్ళవి. మొన్న గురువారం ఇల్లు వాళ్ళకి అమ్మేశాను. సెప్టెంబరు ఆఖరుకి అప్పగించాలి.

కమిటీ! నీ తెలివి ఎప్పుడూ అంతే. మనిషి దూలాలు గీకి చూస్తుంటే కేకు పెట్టావు.

కళ్ళు తిరిగిరావని డాక్టరు మార్చిలోనే చెప్పాడు. ఇక్కడే ఉండాలంటే ఇల్లు పోవాలి. ఖాళీ మడి చూసి ఎవరూ ఇల్లు కొనరు, జులై మడి చూసి కొంటారు. జులై దాకా మడి నిలబెట్టాలంటే ఎవరో ఒకరు పొద్దున్నే దీపం పట్టుకుని నత్తలు ఏరాలి. ఊరికే చెయ్యమంటే నువ్వు ఇంత చేసేదానివి కావు. అందుకే గది అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ మాట నిలబెట్టుకునే దారి ఏదైనా దొరుకుతుందేమోనని కొన్నాళ్ళు చూశాను. ఇంతలో మిసెస్ లెథ్‌బ్రిడ్జ్ ఉత్తరం వచ్చింది: "నీలం ముందు ఆ నారింజ పెట్టిన మీ చెల్లెలికి ఎంత కన్ను!" నలభై ఏళ్ళ నా మడి గురించి ఒక్క ముక్క లేదు. నా మడిలో, నా కళ్ళు పోయాక, టోజర్ కుండీలు పాతి, పైగా నీకే తట్టిందని చెప్పుకున్నావు. అది చదివాక నాకు మిగిలిన కాస్త జాలీ పోయింది.

మే నెల ఉత్తరంలో నిన్ను జిప్సోఫిలా అన్నాను. తప్పు నాది. జిప్సోఫిలాకి తన వేరు తనకుంటుంది. నువ్వు చుట్టుతీగవి. నిలబడ్డవాళ్ళు ఎక్కడున్నారా అని వెతుక్కుంటూ వచ్చి, చుట్టుకుని, వాళ్ళ ఎత్తే నీ ఎత్తని చెప్పుకుంటావు. అమ్మ, పాదిరీ గారు, నేను. అమ్మ నీకు ఆ డబ్బా ఊరికే ఇవ్వలేదు.

ఈనిడ్


ఆష్‌కోంబ్
21 జులై 1961

అక్కా,

నాకు వేరే చోటు లేదు. నీకు తెలుసు.

లెథ్‌బ్రిడ్జ్ వాళ్ళతో ఒక్క మాట చెప్పు. ఆ గది వద్దు. షెడ్డు పక్కన కుండీలు పెట్టుకునే కొట్టు చాలు. మడి నేను చూస్తాను, ఊరికే చూస్తాను. వాళ్ళు నీ మాట వింటారు.

కుండీలు తీసేశాను. ఇప్పుడక్కడ బొక్కే ఉంది.

ఏవిస్


బెక్స్‌హిల్
12 సెప్టెంబరు 1961

ఏవిస్‌కి,

కొట్టు సంగతి వాళ్ళని అడగలేదు. అడిగేది లేదు. మాల్వర్న్‌లో ఒక కల్నల్ గారి భార్యకి తోడుగా మనిషి కావాలట. నీ పేరు చెప్పాను. అటక మీద గది ఇస్తుంది. వినపడదు కాబట్టి నీ సోది ఆవిడని బాధించదు.

ఇక్కడ నా కిటికీ కింద రెండంగల నేల ఇచ్చారు. వెళ్ళే ముందు పెద్ద మడిలోంచి డెల్ఫినియం దుబ్బులు నాలుగు, తెల్ల ఫ్లాక్స్ మూడు తవ్వి రైల్లో పంపు. మంచివే ఏరు. మట్టి ఎండకుండా గోనెగుడ్డ చుట్టు. నాకు కనబడవని అనుకోకు. అవి అక్కడ ఉన్నాయని తెలిస్తే చాలు.

ఈనిడ్


ఆష్‌కోంబ్
27 సెప్టెంబరు 1961

అక్కా,

ఏడు దుబ్బులూ ఈ పొద్దున రైలెక్కాయి. అన్నిటికంటే మంచివే ఏరాను. ఒక్కోదాన్నీ నా చేతుల్తోనే కట్టాను. గోనెగుడ్డ తడిపి చుట్టాను.

నాటేటప్పుడు మట్టి దులపొద్దని, వేళ్ళు విడదీయొద్దని చెప్పు. వచ్చింది వచ్చినట్టు గోతిలో పెడితే బాగా పట్టుకుంటాయి.

కల్నల్ గారి భార్య బండి పంపిస్తానంది. టోజర్ కంచె దాటి వచ్చాడు. ఒక నారింజ లిల్లీ కుండీ నా పెట్టె పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఏవిస్


బెక్స్‌హిల్
14 ఆగస్టు 1962

ఏవిస్‌కి,

ఇది నా చేతిరాత కాదు. పక్కగది మిస్ పిమ్ రాసిపెడుతోంది. ఆవిడ లండన్ మనిషి, గులాబీకీ క్యాబేజీకీ తేడా తెలియదు. రాయమ్మా, ఉన్నమాటే కదా, రాయి.

కుడికన్ను ఈస్టరుకి పోయింది. పూర్తిగా కాదు. నీలం పోయింది, గులాబీ పోయింది, మనుషుల మొహాలు పోయాయి. తెలుపు మాత్రం, పొద్దు వాలాక, కొద్దిగా.

నువ్వు పంపినవన్నీ బతికాయి. డెల్ఫినియంలు జూన్‌లో పూశాయని చెప్పారు. చేతులతో తడిమి చూశాను. నేను రాసేది దాని గురించి కాదు. మూడు వారాల నుంచి నా కిటికీలో తెల్లటి పువ్వులు కనబడుతున్నాయి. పెద్దవి, గరాటుల్లా ఉన్నాయి. డెల్ఫినియం కట్టెలు పట్టుకుని పైకెక్కి, ఫ్లాక్స్ మీదుగా దూకి, కిటికీ చట్రం దాకా వచ్చాయి. సాయంత్రం ఇక్కడ కూచుంటే నాకు కనబడేవి ప్రపంచంలో అవొక్కటే. లెక్కపెడతాను. నిన్న పందొమ్మిది.

ఏ మొక్క అది? నేను అడక్కుండానే దుబ్బుల్లో పెట్టి పంపావు. నీలం పోయాక ఆ కట్టెల మీదికే తెలుపు ఎక్కాలని, నా కంటికి తెలుపొక్కటే మిగులుతుందని ఆలోచించి పెట్టావు. పూయడం అయిపోయినదాని మీదికి పూసేదాన్ని లాగడం. నేను నేర్పిందే. నువ్వు నేర్చుకున్నావు, ఏవిస్. నాకంటే బాగా జత చేశావు.

గడ్డి కోసేవాడు పోయిన నెల దాన్ని చూసి ఏదో గొణిగి పీకబోయాడు. చేతికర్రతో వాడి మణికట్టు మీద ఒకటిచ్చాను. నా మడిలో చెయ్యి పెట్టొద్దని మేట్రన్‌తో కూడా చెప్పించాను.

పోయినేడు ఒక మాట అన్నాను. కళ్ళు పోతున్న కోపంలో అన్నాను. వచ్చే నెల కల్నల్ భార్యని అడిగి నాలుగు రోజులు ఇక్కడికి రా. పక్కన కూచుని రంగులు చెబుదువుగాని. నువ్వు బాగా చెబుతావు. నా పెద్ద మడి ఎలా ఉందో కూడా ఎవరూ చెప్పడం లేదు. తెలుసుకుని రా.

ఈనిడ్
(మిస్ పిమ్ చేతుల మీదుగా)


మాల్వర్న్
20 ఆగస్టు 1962

మిస్ పిమ్ గారూ, ఈ ఉత్తరం మా అక్కకి గట్టిగా, ఆపకుండా, చివరిదాకా చదవండి. మధ్యలో ఆపితే ఆవిడ చేతికర్ర మీ మీద లేస్తుంది.

అక్కా,

నీకు కనబడుతున్న తెల్లపువ్వు చుట్టుతీగ.

పోయినేడు నీ దుబ్బులు తవ్వడానికి ముందు ఒక రేకు డబ్బా తీసుకుని కంచె కిందికెళ్ళాను. రైలుకట్ట వైపు మోకాళ్ళ మీద కూచుని డబ్బా నిండా వేళ్ళు ఏరాను. ఏడు దుబ్బుల్లోనూ మొక్క వేళ్ళ మధ్య ఒక్కోటీ దూర్చి, మట్టి మెత్తి, గుడ్డ చుట్టాను. చిన్నప్పుడు బయటికి తీసిన చేతులే, లోపలికి పెట్టాయి. చుట్టుతీగ నీకు చుట్టుతీగని పంపింది.

మే నెలలోనే నీకు తెలిసిపోతుందనుకున్నాను. తెలిసి నువ్వు అరుస్తుంటే ఆ అరుపు మాల్వర్న్ దాకా వినబడుతుందని రోజూ ఎదురుచూశాను. నీకు అసలు కనబడదన్న సంగతి నాకు తట్టలేదు. గడ్డి కోసేవాడు నిన్ను కాపాడబోయాడు, వాణ్ణి కొట్టావు.

"నువ్వు నేర్చుకున్నావు" అన్నచోట ఉత్తరం కింద పెట్టి చాలాసేపు ఏడ్చాను. అరవయ్యొక్కేళ్ళకి నీ నోట నాకొచ్చిన మొదటి మంచిమాట అది. దేనికొచ్చిందో చూడు.

పెద్ద మడి అడిగావు. టోజర్ రాశాడు. మార్చిలో లెథ్‌బ్రిడ్జ్ వాళ్ళు దాన్ని చదును చేసి గడ్డి వేశారు, పిల్లలకి బంతాట. ఒక్క మూల వదిలారు. అక్కడ టోజర్ దగ్గర నారింజ లిల్లీలు కొని నాటుకున్నారట.

నేను రాను. రంగులు చెప్పను. ఇక్కడ అటక కిటికీకి ఎదురుగా ఇటుకగోడ ఉంది. గూట్లో టోజర్ ఇచ్చిన కుండీ ఉంది. మొన్న పూసింది. దాని పక్కన ఏ రంగూ లేదు. దానికేమీ తక్కువా కాలేదు.

నీ మడి సంగతి ఇప్పుడు నీ చేతిలో ఉంది. పీకించాలంటే పీకించుకో, ఎలాగో నీకు తెలుసు, గోరంత మిగలకూడదు. పీకిస్తే సాయంత్రాలు ఆ కిటికీలో నీకు ఏమీ ఉండదు. ఉంచుకుంటే నీ డెల్ఫినియంలు, నీ ఫ్లాక్స్, నలభై ఏళ్ళ నీ పెద్ద మడిలో మిగిలిన ఆ ఏడు దుబ్బులూ వచ్చే వేసవి లోపల దాని కింద చస్తాయి. అప్పుడు గోడ, కట్టెలు, కిటికీ అంతా తెలుపే.

నీకు అన్నీ కనబడతాయి.

ఏవిస్